ఉదయసముద్రంలో బాతులు ఇంకా దిగలేదు: చలి లేకనేనా?

పానగల్లు_కట్ట | అక్టోబరు 26, ఉదయం 9:12

అందరికీ నమస్తే. దసరా పోయింది, దీపావళి పోయింది, నల్లగొండలో ఇంకా రాత్రి ఫ్యాను ఆపలేకపోతున్నం. పొద్దున ఆరున్నరకు కట్ట మీద నడిస్తే అంగీ తడుస్తుంది. ఈ రోజులకు నీళ్ల మీద సన్నగా పొగమంచు లేవాలె, అవతలి గుట్టలు మసకబారాలె. ఏమీ లేదు.

పక్షుల సంగతి చెప్తా. నామాల కోళ్లు నడిమధ్యల ఒక గుంపు ఉన్నయి. బుడుబుంగలు, నీటికాకులు ఎప్పటిలెక్కనే ఉన్నయి. ఈల బాతులు పొద్దుగూకినంక అరుసుకుంట పోతున్నయి. కట్ట రాళ్ల మీద తోక ఆడించే పిట్టలు దిగినయి, బూడిదరంగుది ఒకటి, మన ఊరి నలుపు తెలుపుది ఒక జంట. కానీ సూదితోక బాతు ఒక్కటి లేదు. గార్గనీ బాతు లేదు. షవెలర్ బాతు లేదు. పట్టెతల బాతులు ఎట్లాగూ ఇంకా ఆలస్యంగనే వస్తయి, వాటిని అడుగుతలేను.

చలి రాకపోవుడే దీనికి కారణమా? కోయిల్‌సాగర్, జూరాల, మూసీ, డిండి దిక్కు ఉన్నోళ్లు మీ దగ్గర ఏం కనిపిస్తున్నదో రాయండి.

మిర్యాలగూడ_వాసి | అక్టోబరు 26, ఉదయం 10:40

తమ్ముడూ, నేనిప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను, ఇక్కడా అదే ఉక్క. నా ఉద్దేశంలో అసలు కారణం మన దగ్గర కాదు, పైన ఉంది. మన దగ్గరికి వచ్చే బాతులు మధ్య ఆసియా, సైబీరియా, మంగోలియా వైపు నుంచి వస్తాయి. అక్కడి మడుగులు గడ్డకట్టితే తిండి మూతపడుతుంది, అప్పుడు కదులుతాయి. అక్కడ కూడా శరత్తు వెచ్చగా సాగితే తొందరేముంది? దారిలో ఎక్కడ నీళ్లు, తిండి దొరికితే అక్కడే ఆగిపోతాయి. యూరప్‌లో, అమెరికాలో బాతులు ఇలా మునుపటికంటే ఉత్తరానే ఆగిపోతున్నాయని పరిశోధకులు చాలాకాలంగా రాస్తున్నారు.

భూమి వేడెక్కుతోంది అనడానికి ఇంతకంటే ఏం కావాలి.

సూర్యాపేట_టీచరమ్మ | అక్టోబరు 26, రాత్రి 8:05

నమస్కారం. మిర్యాలగూడ_వాసి గారు చెప్పినదాంట్లో సగం నేను ఒప్పుకుంటాను. మిగతా సగం దగ్గర కొంచెం ఆగాలి.

వలస వచ్చే పక్షులన్నీ ఒకే గంట విని బయల్దేరవు. దూరం నుంచి వచ్చే ఉల్లంకులు, అంటే బురద ఒడ్డున తిరిగే శాండ్‌పైపర్ లాంటివి, చిన్న చిన్న పురుగుతిండి పిట్టలు పగటి నిడివిని పట్టుకుని నడుస్తాయి. పొద్దు తగ్గుతుంటే వాటి ఒంట్లోనే మార్పు మొదలవుతుంది, కొవ్వు పేరుకుంటుంది, గాలి అనుకూలించగానే లేస్తాయి. పగటి నిడివికి ఎండలతో, చలితో పని లేదు, ఏటా ఒకేలా తగ్గుతుంది. అందుకే వుడ్ శాండ్‌పైపర్, గ్రీన్ శాండ్‌పైపర్ మనకు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే కనిపిస్తాయి, అప్పుడు మన దగ్గర చలి ఎక్కడుంది? ఈ ఏడు కూడా సూర్యాపేట దగ్గర వరి మళ్లలో వుడ్ శాండ్‌పైపర్లు వేళకే వచ్చాయి. కరెంటు తీగల మీద వానకోయిలలు బారులు తీరాయి. గోధుమరంగు కీచురాయి పిట్ట, అదే బ్రౌన్ ష్రైక్, మా బడి ప్రహరీ మీద సెప్టెంబరులోనే అరవడం మొదలుపెట్టింది.

బాతులు వేరు. వాటికి పగటి నిడివి ఒక సంకేతమే, వాతావరణాన్ని బట్టి ముందూ వెనకా అవుతాయి. కనుక పైన వెచ్చగా ఉంటే కొన్ని ఆగడం నిజమే కావచ్చు. కానీ గార్గనీ అన్ని బాతుల్లో ముందొచ్చేది. సెప్టెంబరు నుంచే దక్షిణాదికి దిగుతుంది. అది గడ్డకట్టే దాకా ఆగే రకం కాదు. గార్గనీ కూడా లేదంటే కారణం ఇంకేదో చూడాలి.

పానగల్లు_కట్ట, ఒక్క మాట అడుగుతాను. ఉల్లంకులు ఉన్నాయా మీ దగ్గర? రాయలేదు.

పానగల్లు_కట్ట | అక్టోబరు 26, రాత్రి 9:30

లేవు టీచరమ్మా. ఒక్క గ్రీన్ శాండ్‌పైపర్ కాలువ అంచున కనపడ్డది. చెరువు ఒడ్డున ఒక్కటి కూడా లేదు.

దేవరకద్ర_రైతు | అక్టోబరు 27, ఉదయం 6:20

పాలమూరు దిక్కు ముచ్చట రాస్త. కోయిల్‌సాగర్ ఈసారి నిండుగ ఉన్నది. మా ఊరి చెరువు గూడ మత్తడి దుంకి ఇంకా సన్నగ పారుతనే ఉన్నది. చెరువు లోపలి శిఖం భూమంత నీళ్ల కిందనే. నేను చిన్నగున్నప్పుడు ఈ నెలల శిఖంల బర్లను మేపేది, ఆ బురదల మస్తు పిట్టలు తిరిగేటివి. ఇప్పుడు ఆడ నడుము లోతు నీళ్లున్నయి. పిట్ట యాడ నిలబడాలె?

తెల్ల కొంగలు మాత్రం బాగున్నయి. వరికోత మిషను ముందట పోతుంటే ఎనకనే గుంపుగ దుంకుతయి, మిడతలు, కప్పలు లేస్తయి గద. నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు గూడ మడులల్ల తిరుగుతున్నయి. గవి మనకు మంచిగనే చేస్తయి.

నీలి బొల్లికోళ్లతోటి మాత్రం బాధ ఉన్నది. చెరువు పక్క మడిల వరి దుబ్బులు ఇరిచి పడేస్తయి. ఈల బాతులు నారుమళ్ల రాత్రి దిగితే తెల్లారేసరికి తొక్కి పోతయి. పిట్టలను చూసెటోళ్లు ఈ సంగతి గూడ ఎరిగి ఉండాలె. నేను మందు పెట్టే మనిషిని కాదు, రాత్రి టార్చి పట్టుకోని పోయి అదిలిస్త. కానీ గుళికలు చల్లిన మడిల పిట్ట దిగి సచ్చిపోవుడు నేను కండ్లార చూసిన. అది మంచిగ లేదు.

నీరటి_పెద్దాయన | అక్టోబరు 27, ఉదయం 11:15

దేవరకద్ర తమ్ముడు అసలు తాళంచెవి చేతికిచ్చాడు. నా ఉద్యోగమంతా తూముల దగ్గర, కాలువల మీద గడిచింది కనుక నాకు తెలిసింది కొంచెం వివరంగా రాస్తాను.

ఉదయసముద్రం పేరుకు పాత చెరువు, కందూరు చోడుల నాటిది. పక్కనే ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం ఆ కాలానివే. కానీ ఈ రోజు అది వాన మీద బతికే చెరువు కాదు. సాగర్ వెనుక జలాల్లోంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు అక్కంపల్లి మీదుగా ఏఎమ్మార్పీ (మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలో వచ్చి ఇందులో పడతాయి. నల్లగొండకు తాగునీరు దీన్నుంచే, కింద ఆయకట్టుకు నీళ్లు దీన్నుంచే. కృష్ణలో వరద ఉన్న ఏడు ఈ నెలల్లో దాన్ని నిండుగానే పెట్టుకుంటారు. వాన చెరువు అలా కాదు. శ్రావణ భాద్రపదాల్లో నిండుతుంది, వరి పొట్టకొచ్చే నాటికి తూము తీస్తారు, కోతల నాటికి అంచుల్లో బురద తేలుతుంది. ఆ బురద తేలే వేళకే వలస పిట్టలు దిగుతాయి.

ఇప్పుడు పక్షి వైపు నుంచి చూడండి. గార్గనీ, సూదితోక బాతు మునిగి తినే రకం కాదు. తల కిందికి వంచి, తోక పైకి లేపి, మెడ ఎంత అందితే అంత లోతులో గింజా, గడ్డి, పురుగూ ఏరుకుంటాయి. అడుగు లోతు ఉంటే హాయి. సూదితోక బాతుకు మెడ పొడుగు కాబట్టి అడుగున్నర దాకా సర్దుకుంటుంది. షవెలర్ వెడల్పు ముక్కుతో నీటి పైపొరను వడపోస్తుంది, దానికీ పలుచటి నీళ్లే ఇష్టం. ఉల్లంకుల కాళ్లు అంతకంటే పొట్టి. లిటిల్ స్టింట్ అనే చిన్న ఉల్లంకి అయితే తడి బురద లేకపోతే నిలబడనే నిలబడదు.

నామాల కోడి మునుగుతుంది. బుడుబుంగ మునుగుతుంది. నీటికాకి మునుగుతుంది. పానగల్లు_కట్ట, నువ్వు రాసిన జాబితా మళ్లీ చదువుకో నాయనా. నీళ్ల మీద ఉన్నవన్నీ మునిగేవి, లేనివన్నీ మునగనివి. ఉల్లంకి కాలువ అంచున ఉంది, చెరువు ఒడ్డున లేదు. చలి కారణమైతే ఇంత చక్కగా రెండు వరుసలుగా విడిపోతాయా?

చెరువుల పూడిక తీయడం గురించి కూడా ఒక మాట. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చాలా చోట్ల పూడిక మట్టి పొలాలకు పోయింది, రైతుకు మేలు జరిగింది, నీళ్లూ పెరిగాయి. కానీ కొన్ని చెరువుల్లో ఒడ్డు దగ్గరే లోతుగా తవ్వారు. పల్లంగా జారే అంచు పోయి నిలువు గట్టు మిగిలింది. అక్కడ నీళ్లు తగ్గినా బురద పట్టీ సన్నగానే ఉంటుంది. పూడిక తీసేటప్పుడు ఒక పక్క వాలు అలాగే వదిలేయమని ఊళ్లో అడగవచ్చు, ఖర్చేమీ కాదు.

ఒక పని చేయండి. ఒకే రోజు, ఒకే ఎండలో, నిండిన చెరువూ, నీళ్లు తగ్గిన చిన్న కుంటా రెండూ చూసి రండి. కుంటలో గార్గనీ ఉంటే చలి మాట అక్కడికి ఆగిపోతుంది.

మిర్యాలగూడ_వాసి | అక్టోబరు 27, మధ్యాహ్నం 1:50

పెద్దాయన గారూ, మీ మాటకు ఎదురు చెప్పను, జాబితా చూపించిన తీరు నాకు బాగా పట్టింది. కానీ వాతావరణం మార్పును పక్కకు తోసేయకూడదనేది నా బాధ. ఇక్కడ ఉక్కకు కూడా ఒక లెక్క ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనం వెంట అల్పపీడనం వస్తోంది, ఆకాశం మబ్బుపట్టి ఉంటోంది. రాత్రి మబ్బు ఉంటే నేల వేడి పైకి పోదు, కనిష్ఠ ఉష్ణోగ్రత దిగదు. మబ్బు విడిపోయి ఈశాన్యం నుంచి పొడిగాలి తిరిగిన రెండు మూడు రోజుల్లోనే చలి పుంజుకుంటుంది. పట్టెతల బాతుల విషయంలో మాత్రం నేను నా మాట మీదే ఉంటాను. వాటి రాక పైనున్న వాతావరణాన్ని బట్టే ఉంటుంది.

నీరటి_పెద్దాయన | అక్టోబరు 27, మధ్యాహ్నం 2:10

పట్టెతల బాతుల దగ్గర నీతో తగువు లేదు. వాటికి నీటి లోతుతో పెద్ద పని లేదు, పగలు నీళ్ల మీద పడుకుని రాత్రి పొలాల్లో గడ్డి, లేత పైరు మేస్తాయి.

చిట్యాల_కుర్రాడు | అక్టోబరు 29, సాయంత్రం 6:45

కొత్తగా చేరాను అన్నలూ. నా దగ్గర 8×42 బైనాక్యులర్ ఉంది. ఇవాళ మా ఊరి దగ్గర కుంటలో బాతులు చూశాను, అన్నీ గోధుమరంగువే. పుస్తకంలో మగ బాతులు రంగులతో ఉన్నాయి, ఇక్కడ రంగున్నది ఒక్కటీ లేదు. అన్నీ ఆడవేనా? ఫొటో తీయలేకపోయాను, దూరంగా ఉన్నాయి. చిన్న సైజు, ముఖం మీద చారలున్నట్టు అనిపించింది.

సూర్యాపేట_టీచరమ్మ | అక్టోబరు 29, రాత్రి 8:30

బాబూ, స్వాగతం. మంచి ప్రశ్న అడిగావు.

అన్నీ ఆడవి కాకపోవచ్చు. మగ బాతులు ఎండాకాలం చివర రంగుల ఈకలు రాల్చేసి, ఆడవాటిలాగే గోధుమరంగు వేసుకుంటాయి. చాలా రకాలు చలికాలం మొదట్లోనే మళ్లీ రంగులోకి వస్తాయి, గార్గనీ మగది మాత్రం బాగా ఆలస్యం, మనకు ఫిబ్రవరి దాకా గోధుమరంగులోనే తిరుగుతుంది. కాబట్టి ఈ నెలలో రంగు చూసి గుర్తుపట్టాలనుకోకు.

ముఖం చూడు. గార్గనీకి కంటి మీదుగా ఒక నల్లగీత, దాని కింద బుగ్గ మీదుగా ఇంకో మసక గీత, ముక్కు మొదట్లో తెల్లటి మచ్చ. దూరం నుంచి కూడా ముఖం గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. కామన్ టీల్ అనే ఇంకో చిన్న బాతుకు ముఖం సాదాగా ఉంటుంది, కన్ను మీద ఒక్క గీతే, తోక మొదట్లో పక్కన లేతరంగు చార ఒకటి. ఎగిరినప్పుడు ఇంకా తేలిక. గార్గనీ మగదాని రెక్క ముందుభాగం బూడిద నీలం, గోధుమరంగులో ఉన్నప్పుడు కూడా అది మారదు. టీల్ రెక్కలో మెరిసే పచ్చ పట్టీ ఉంటుంది.

ఉదయం సూర్యుడు నీ వీపు వెనక ఉండేలా నిలబడు. వాటిని లేపకు, వాటంతట అవే రెక్క చాపుకునేదాకా ఆగు. బాతులు అప్పుడప్పుడు ఒళ్లు విరుచుకుంటాయి.

చిట్యాల_కుర్రాడు | అక్టోబరు 30, ఉదయం 9:55

టీచరమ్మా, పొద్దున్నే పోయాను. ముఖం మీద రెండు గీతలు, ముక్కు దగ్గర తెల్లమచ్చ, స్పష్టంగా ఉన్నాయి. ఒకటి రెక్క చాపింది, బూడిద నీలమే! గార్గనీలు. ఇరవై దాకా ఉంటాయి. కుంట లోతు మోకాలు కూడా లేదు, సగం జమ్ము, సగం బురద. బురదలో వుడ్ శాండ్‌పైపర్లు, పొడుగు ఎర్రకాళ్ల స్టిల్ట్‌లు, రెండు లిటిల్ రింగ్డ్ ప్లోవర్లు. రాత్రి మాత్రం మా ఊళ్లో కూడా ఉక్కే.

పానగల్లు_కట్ట | అక్టోబరు 30, ఉదయం 10:20

నేను కూడా ఇయ్యాల పొద్దున ఉదయసముద్రం చూసిన. అక్కడ మళ్లీ అదే: నామాల కోళ్లు, బుడుబుంగలు, నీటికాకులు, ఒక పాముమెడ పిట్ట. గార్గనీ లేదు. రెండింటి మధ్య ఎంత దూరం? బస్సుల గంట లోపు. అదే గాలి, అదే ఉక్క.

పెద్దాయన చెప్పింది కండ్ల ముందటికి వచ్చింది.

తమ్మీ, ఆ కుంట పేరు మాత్రం ఇక్కడ రాయకు. వలలు పెట్టేటోళ్లు కూడా ఇవి చదువుతరు.

జూరాల_దిగువ | అక్టోబరు 31, రాత్రి 7:40

గద్వాల నుంచి. జూరాల గేట్లు మూసినంక కిందికి కృష్ణ బండలు తేలినయి. బండల మీద రివర్ టెర్న్‌లు ఉన్నయి, ఇసుక తిన్నెల మీద చిన్న ప్రాటింకోల్‌లు, వేడి బండ పక్కన పెద్ద కండ్ల గ్రేట్ థిక్‌నీ ఒక జంట కదలకుండ కూసున్నది. ఒక ఆస్ప్రే, చేపలు పట్టే గద్ద, రోజూ అదే మొద్దు మీద చేప తింటది. ఇవి ఎవరికీ ఆలస్యం కాలేదు. గేట్లు ఎత్తి ఉన్నన్ని రోజులు ఇక్కడ ఏమీ లేదు, మూసిన వారం లోపల ఇంత మంది దిగినరు. ఇక్కడ గూడ నీళ్లదే పెత్తనం.

మూసీ_మత్స్యకారుడు | నవంబరు 1, మధ్యాహ్నం 12:30

మేము చేపలు పట్టెటోళ్లం. నా తమ్ముడు ఈ గ్రూపు చూపిస్తే చదివిన. ఒక సంగతి ఎవరూ రాయలేదు.

చెరువుల బంగారుతీగ, గడ్డిచేప పిల్లలు ఎక్కువ పోస్తే నీళ్ల కింద గడ్డి మాయమైతది. గడ్డిచేప పేరుకు తగ్గట్టే గడ్డి తింటది. బంగారుతీగ అడుగున బురద కెలికి నీళ్లు ఎర్రగ చేస్తది, ఎండ లోపలికి పోదు, గడ్డి మొలవదు. నామాల కోళ్లు ఆ గడ్డి తినే బతుకుతయి. గడ్డి లేని చెరువుల అవి ఉండవు, మేము చూసినం. మాకు చేప గావాలె, పిట్ట ఉంటే మాకేం కష్టం లేదు. కట్ల, రోహు ఎక్కువ పోసి ఇవి తక్కువ పోస్తే ఇద్దరికీ నడుస్తది.

ఇంకోటి, వలలు. రాత్రి కట్టిన సన్నవల తెల్లారినంక గూడ నీళ్లలనే వదిలేస్తే బుడుబుంగలు, నీటికాకులు అండ్ల చిక్కి మునిగి సస్తయి. మాకు గూడ వల చిరిగి నష్టమే. మా సంఘంల పొద్దు పొడవక ముందే తీయాలని మాట్లాడుకున్నం. చిరిగిన వలముక్క ఒడ్డున పారేసుడు బంద్ చేసినం. మీరు పిట్టలను చూడవోతే అసోంటి ముక్క కనపడితే తీసి చుట్టి సంచిల వేసుకోండ్రి.

సూర్యాపేట_టీచరమ్మ | నవంబరు 1, మధ్యాహ్నం 1:15

అన్నా, మీరు రాసింది మా పిల్లలకు చదివి వినిపిస్తాను. ఈ వారమే వలముక్కలు ఏరే పని పెట్టుకుంటాం.

పానగల్లు_కట్ట | నవంబరు 3, ఉదయం 8:50

ఇయ్యాల మనసు బాగలేదు. ఉదయసముద్రం దగ్గరికి కారుల వచ్చినోళ్లు డ్రోన్ లేపిండ్రు. నామాల కోళ్ల గుంపు నీళ్ల మీద పరుగెత్తింది, ఈల బాతులు లేచి చుట్టూ తిరిగి తిరిగి ఆఖరికి వెళ్లిపోయినయి. దించమంటే "వీడియోకి ఎగురుతుంటేనే అందం" అన్నరు. వేల కిలోమీటర్లు ఎగిరి ఒళ్లు కరిగి వచ్చే పక్షి ఇక్కడ తిని కూడగట్టుకోవాలె. మన వీడియో కోసం దాన్ని ఎగరగొట్టుడు ఎట్ల అందమైతది?

గద్ద వస్తే కూడా లేస్తయి కదా అని ఒకరు వాదించిండ్రు. మార్ష్ హారియర్ వచ్చినప్పుడు నామాల కోళ్లు ఏం చేస్తయో చూడండి: అన్నీ దగ్గరికి జరిగి ఒక్క ముద్ద అయితయి, నీళ్లు చిమ్ముతయి, గద్ద పోతది, రెండు నిమిషాలల్ల మళ్లీ మేతకు విడిపోతయి. దాని లెక్క వాటికి తెలుసు. డ్రోన్ నెత్తి మీదనే అరగంట తిరిగితే ఆ చెరువునే వదిలిపెడతయి.

మిర్యాలగూడ_వాసి | నవంబరు 3, ఉదయం 9:30

నూటికి నూరుపాళ్లు నీతో ఉన్నాను తమ్ముడూ. ఫొటోలు తీసే మనవాళ్లకు కూడా చెప్పాలి: పక్షి తల ఎత్తి మనవైపు చూసి మేత ఆపిందంటే మనం చాలా దగ్గరికి వచ్చామని. అక్కడే ఆగాలి, లేదా రెండడుగులు వెనక్కి వేయాలి. ఫోనులో కూత పెట్టి పిలవడం, రాళ్లు వేసి లేపడం, వీటిని నేను పక్షులను చూడటం అనను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది. దాంట్లో "వేట" అంటే చంపడం ఒక్కటే కాదు, అదిలించి తరమడం కూడా వేట కిందికే వస్తుంది. కట్ట మీద కాపలా ఉండే వాళ్లకు ఈ మాట చెప్పి పెట్టండి.

కొల్లాపూర్_నల్లమల | నవంబరు 5, రాత్రి 9:00

చదువుతూ ఉన్నాను, ఇప్పుడు రాయాలనిపించింది. మనం చెప్పుకునేదంతా గాలికి పోకుండా ఉండాలంటే రాసి పెట్టాలి. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. మా అమ్రాబాద్ దిక్కు మన్ననూరు, ఫరహాబాద్‌లలో కూడా మకాం వేశారు. ఎక్కడ, ఏ తేదీన, ఏ పక్షి అని రాసిపెట్టబట్టే ఇంతకాలం తర్వాత కూడా ఆయన సర్వేను పక్కన పెట్టుకుని అప్పుడేముంది, ఇప్పుడేముంది అని చూడగలుగుతున్నాం.

మన దగ్గర ఈ రోజు ఈబర్డ్ అనే పక్షుల జాబితా యాప్ ఉంది, ఫోనులోనే రాయొచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. చివర్లో "చూసిన పక్షులన్నీ రాశారా" అని అడుగుతుంది. కాకి, గోరింక, గుడ్డికొంగ అన్నీ రాసి అవును అని పెడితేనే ఆ జాబితాలో లేని గార్గనీ నిజంగా కనిపించలేదని లెక్కకు వస్తుంది. గొప్ప పక్షి దొరికిన రోజే రాసి, ఏమీ లేని రోజు రాయకపోతే "ఆలస్యం" అనే మాటకు ఆధారమే ఉండదు. పానగల్లు_కట్ట మొదటి రోజే లేనివి కూడా రాశాడు, అందుకే ఈ చర్చ ముందుకు పోయింది.

కింద వ్యాఖ్య రాసే చోట నీళ్ల మట్టం రాయండి. తూము మెట్లు ఎన్ని మునిగాయి, బురద పట్టీ ఎంత వెడల్పు, మత్తడి పారుతోందా లేదా. అది ఎవరూ రాయరు, పనికొచ్చేది అదే.

నీరటి_పెద్దాయన | నవంబరు 6, ఉదయం 7:10

కొల్లాపూర్ వారి మాట శిరోధార్యం. మట్టం రాసేటప్పుడు ప్రతిసారీ ఒకే గుర్తు పెట్టుకోండి, ఒకే రాయి, ఒకే మెట్టు. కొత్త గుర్తు మారిస్తే పోల్చుకోలేం.

యాసంగికి నీళ్లు వదిలాక డిసెంబరు, జనవరిలో మట్టం దిగుతుంది, అప్పుడు పెద్ద చెరువుల్లో కూడా బురద తేలుతుంది. పెద్ద గుంపులు అప్పుడే అక్కడికి చేరతాయి. ఇప్పుడు చిన్న కుంటల్లో చెల్లాచెదురుగా ఉన్నవే అవి. నిండిన ఏడు పక్షులు తక్కువ వచ్చాయనిపిస్తుంది, చాలాసార్లు అవి విస్తరించి ఉంటాయి, మనం ఒక్క చెరువు దగ్గరే నిలబడి ఉంటాం.

దేవరకద్ర_రైతు | నవంబరు 8, సాయంత్రం 5:30

మా దిక్కు తూము తీసిండ్రు. శిఖంల ఎగువ దిక్కు చాటంత బురద తేలింది. ఇయ్యాల సాయంత్రం ఉల్లంకులు దిగినయి, తెల్ల కడుపుతోటి, నడుసుకుంట ఎనకభాగం ఊపుతయి. నాకు పేర్లు రావు. వడ్లు కోసిన మడులల్ల పొద్దుగూకినంక బాతులు దిగుతున్నయి, రాలిన గింజ ఏరుకుంటున్నయి. కోసిన మడిల ఎంత తిన్నా నాకు సంతోషమే. నారుమడి పోసినప్పుడు మాత్రం మళ్లీ టార్చి పట్టుకోవాలె.

చలి ఇంకా రాలేదు.

సూర్యాపేట_టీచరమ్మ | నవంబరు 8, రాత్రి 8:00

అన్నా, నడుస్తూ వెనకభాగం ఊపేవి చాలామటుకు కామన్ శాండ్‌పైపర్ అవుతాయి. భుజం ముందు తెల్లటి వంపు ఒకటి లోపలికి పోయినట్టు ఉంటే అదే. ఎగిరితే నీళ్లకు ఆనుకుని, రెక్కలు వంచి, వణికిస్తూ పోతుంది. రెక్కల అడుగున నల్లగా, నడుము మీద తెల్లగా మెరిసి గట్టిగా అరుచుకుంటూ పైకి లేస్తే గ్రీన్ శాండ్‌పైపర్. కాళ్లు పసుపుపచ్చగా, కంటి మీద పొడుగు తెల్లగీత ఉంటే వుడ్ శాండ్‌పైపర్. ఒక్కసారి చూసి రాయండి.

మిర్యాలగూడ_వాసి | నవంబరు 9, ఉదయం 10:00

మరి 12వ తేదీ సలీం అలీ పుట్టినరోజు. ఆ రోజు మనందరం ఒకే వేళకు మన మన చెరువుల దగ్గర ఉంటే ఎలా ఉంటుంది? ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. నేను ముందు రోజు రాత్రికే మిర్యాలగూడ వచ్చేస్తాను, సాగర్ ఎడమ కాలువ కింద రెండు కుంటలు నావి. పట్టెతల బాతు కనిపిస్తే మెడకు పట్టీ ఉందేమో అందరూ చూడండి. మంగోలియాలో మెడపట్టీ వేసిన పట్టెతల బాతులు కర్ణాటక చెరువుల్లో కనిపించాయి, మన దగ్గర ఎందుకు కనిపించకూడదు? పట్టీ రంగు, అక్షరం, అంకె రాసుకుని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాలి.

పానగల్లు_కట్ట | నవంబరు 9, ఉదయం 10:25

నేను ఉదయసముద్రం. తూము పక్క మెట్ల మీద సున్నంతోటి గుర్తు పెట్టిన పెద్దాయనా, ఇప్పుడు నీళ్లు దానికి జానెడు కింద ఉన్నయి.

నీరటి_పెద్దాయన | నవంబరు 9, ఉదయం 11:40

శభాష్. నేను నీతో వస్తాను, నాకు కట్ట ఎక్కడానికి చేయి ఇస్తే చాలు. బైనాక్యులర్ ఒకటే ఉందని చిట్యాల పిల్లవాడు మొహమాటపడకుండా తన కుంట తను చూడాలి, అది ముఖ్యం.

జూరాల_దిగువ | నవంబరు 9, మధ్యాహ్నం 1:05

జూరాల దిగువ నాది. ఎగువ దిక్కు ఎవరైనా మక్తల్ నుంచి ఉంటే చెప్పండి.

మూసీ_మత్స్యకారుడు | నవంబరు 9, మధ్యాహ్నం 2:20

మూసీ ప్రాజెక్టు కాడ నేను పడవల ఉంట. టీచరమ్మ పిల్లలను ఒడ్డు కాడికి తోలుకరండ్రి, పడవ ఎక్కించను, పిట్టలు లేస్తయి. ఒడ్డు నుంచే నేను చెయ్యి చూపిస్త, యాడ ఏముందో.

కొల్లాపూర్_నల్లమల | నవంబరు 9, రాత్రి 8:45

సింగోటం చెరువు, సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డు నేను చూస్తాను. అందరూ జాబితాలు ఇదే చర్చలో పెట్టండి, నీళ్ల మట్టంతో సహా. ఇదే లెక్క జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన నాడు మళ్లీ అవే చెరువుల దగ్గర చేద్దాం. 1987 నుంచి ఏటా ఆ నెలలోనే జరుగుతోంది. అప్పటికి యాసంగి నీళ్లు వదిలి ఉంటారు, చలీ వచ్చి ఉంటుంది. రెండు జాబితాలూ పక్కపక్కన పెడితే ఏది నీళ్ల వల్ల, ఏది చలి వల్ల అన్నది ఇంకొంచెం తేలుతుంది.

చిట్యాల_కుర్రాడు | నవంబరు 9, రాత్రి 9:10

నేను రెడీ అన్నా. ఇవాళ సాయంత్రం కుంటలో గార్గనీల పక్కన కొంచెం పెద్ద బాతులు నాలుగు దిగాయి. మెడ సన్నగా, పొడుగ్గా ఉంది, తోక మొనదేలి ఉంది కానీ అంత పొడుగు లేదు. ముఖం సాదా గోధుమరంగు. ముక్కు బూడిదరంగు. టీచరమ్మా, ఇవి సూదితోక బాతులేనా?

సూర్యాపేట_టీచరమ్మ | నవంబరు 9, రాత్రి 9:25

అవే బాబూ. తేదీ, వేళ, కుంట లోతు రాసి పెట్టు.